నాలుగో శుక్రవారం ఎవరి ఇంట్లో

ఏవండీ, బాగున్నారా? మీరు వెళ్లి అప్పుడే అయిదో నెల. నా మోకాలు అలాగే ఉంది. ఏలూరులో ఎండలు మొదలయ్యాయి.

మీరు ముందుగా ప్రింటు తీసి పెట్టిన మన చర్చి వారాల కార్యక్రమాల కాగితాలు పోయిన నెలాఖరుకి అయిపోయాయి. గృహ ప్రార్థన ఏ శుక్రవారం ఎవరింట్లోనో మీ బైండరు చూస్తేగానీ మన పాస్టరుగారికి తెలియదు కదా. అందుకని మీ కంప్యూటరు ముందు నేను కూర్చున్నాను.

మీరు టైపు కొట్టి ఉంచిన ఫైలే తెరిచాను, నాలుగు వారాలకి నాలుగు కాగితాలు. ముందు వైపు సోమవారం నుంచి గురువారం, వెనక వైపు శుక్ర, శని, ఆదివారాలు. ముందు వైపులన్నీ తీశాను. కట్టను అలాగే తిప్పి ట్రేలో పెట్టి వెనక వైపులు తీశాను. బెజ్జాలు కొట్టి, తేదీలు మీలాగే చేత్తో వేశాను. పేర్లు చదవలేదు. ముప్పై ఏళ్లు ఆఫీసులో టైపు కొట్టినదాన్ని, కాగితం నాకు కొత్తా...

"సుగుణా, తిప్పే ముందు వరస చూసుకోవాలి" అనేవారు మీరు. మొదటి వారం కాగితం కట్టకి అడుగున ఉంటుందని నాకు తట్టలేదు. మొదటి వారం కాగితం వెనక వైపుకి నాలుగో వారం శుక్రవారం వచ్చి కూర్చుంది.

ఆ మొదటి శుక్రవారం సాయంత్రం పాస్టరుగారు బైండరు చూసి అందరినీ బయల్దేరదీశారు, పాస్టరమ్మగారూ నేనూ రిక్షా ఎక్కాం. అది మీ తమ్ముడు రత్నం వీధిలోకి తిరిగేదాకా నాకు ఏమీ అనుమానం రాలేదు. రత్నం ఇంటి గుమ్మం ముందు అప్పటికే పది జతల చెప్పులున్నాయి.

అత్తయ్యగారు పోయినప్పుడు శవపెట్టె ఎవరి ఇంటి నుంచి లేవాలన్న మాట దగ్గర మీ ఇద్దరికీ చెడింది. అప్పటినుంచి అతను మన గుమ్మం తొక్కలేదు, మన సంఘానికీ రాలేదు. మిమ్మల్ని సమాధి చేసిన రోజున కూడా గేటు దగ్గరే నిలబడి వెళ్లిపోయాడు. అలాంటివాడి ఇంటికి పాటల పుస్తకాలు పట్టుకుని ఇంతమందిమి...

రత్నం బనీనుతో ఉన్నాడు. మా అందరినీ చూశాడు. తర్వాత లోపలికి వెళ్లి చొక్కా వేసుకొచ్చి చాపలు పరిచాడు. అతని భార్య టీ పెట్టింది.

ప్రార్థన అయ్యాక రత్నం బైండరు అడిగాడు. కళ్లజోడు పెట్టుకుని ఆ పేజీ చూశాడు. "రత్నం ఇల్లు" అని అచ్చులో ఉంది. అన్నయ్యే టైపు కొట్టాడా అని అడిగాడు. అవునన్నాను. అది నిజమే కదండీ? ఈ వారమేనా అని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు. "పోయేముందు అన్నయ్య నా వంతు వేసి వెళ్లాడు" అని అందరితో అన్నాడు. చాలాసేపు ఏడ్చాడు.

ఇంటికొచ్చి పాత కాగితాలు తీశాను. మూడేళ్లవి. ప్రతి నాలుగో శుక్రవారం అతని పేరు అచ్చులో ఉంది. దానిమీద ఎర్ర పెన్నుతో గీత. పక్కన మీ దస్తూరీతో "మన ఇల్లు". నెల నెలా మన ఇంట్లోనే ఎందుకండీ అని విసుక్కుంటే "ఎవరో ఒకరు పెట్టుకోవాలిగా" అనేవారు. ప్రతి నెలా అచ్చేసి ప్రతి నెలా కొట్టేయడం దేనికి? ఒక్కసారి వెళ్లి పిలిస్తే ఏం పోయేది? మీమీద బాగా కోపం వచ్చింది. ఇంకా పూర్తిగా పోలేదు.

మర్నాడు రత్నం మన గుమ్మంలోకి వచ్చాడు. కొల్లేటి కొర్రమీను తెచ్చాడు, శుభ్రం చేయించి మరీ. ఆ కాగితం కావాలని అడిగితే బైండరులోంచి తీసి ఇచ్చాను. వారాలు కలగలిసిన కాగితం... మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మిగిలిన వారాలు వరస చూసుకుని మళ్లీ తీశాను. నాలుగో శుక్రవారం అతని పేరే ఉంది. ఎర్ర పెన్ను బైండరులోంచి తీసేశాను. వారం మారింది నా పొరపాటువల్లనని అతనికి ఎప్పటికీ చెప్పను. మీరూ చెప్పకండి.

మీ
సుగుణ