నీ వంతు కూడా నేనే వేశాను

స్వరూపా,

నువ్వు జ్వరంతో దవాఖానలో చనిపోయి నేటికి ఏడాది. బాచుపల్లిలో మన హాస్టల్ కాలేజీ మాత్రం ఏమీ మారలేదు. నీ మంచంలోకి వచ్చిన కొత్తమ్మాయి దుప్పటి మడత పెట్టదు. చూస్తే నీకు ఒళ్లు మండేది.

ఇవాళ తెలంగాణ బంద్. బస్సుల్లేక లెక్చరర్లు ఎవరూ రాలేదు. వార్డెన్ గేటుకు తాళం వేసి, "బయటికి మాత్రం పోవద్దు. లోపల మీ ఇష్టం, ఏమన్న చేస్కోండి" అంది. నువ్వు అంతగా కోరుకున్న ఖాళీ పూట అలా దొరికింది. కిటికీ ఊచల అవతల రోడ్డు మీద నినాదాలు వినిపిస్తుంటే, నలభైమందిమీ ఎవరూ చెప్పకుండానే ఫిజిక్స్ పుస్తకాలు తెరిచాం. ఇంకేం చేయాలో మాకు తోచలేదు.

"ఏందే మేరీ, పది నిమిషాలు దొరికినా గిట్ల పుస్తకం పట్టుకుంటవా? జర ఆడుదాం రా" అని క్లాసుకీ క్లాసుకీ మధ్య నన్ను లాగేదానివి. కాంపస్ మొనతో నువ్వు బెంచీ మీద గీసిన అష్టాచెమ్మా గళ్లు ఇంకా చెరిగిపోలేదు. పుస్తకం మూసి, నువ్వు నా జామెట్రీ బాక్సులో వదిలేసిన చింతగింజలు తీశాను. నీ వంతు కూడా నేనే వేశాను.

అవతలివాళ్ల కాయను ఒక్కటైనా చంపితే తప్ప లోపలి గళ్లలోకి వెళ్లనివ్వవు కదా నువ్వు. ఇవాళ మూడుసార్లు నీ కాయ నాకు చిక్కింది. చంపలేదు.

భోజనం గంట కొట్టేదాకా నా కాయ బయటి గళ్లలోనే తిరిగింది.

మేరీ