ఇంటి సాళ్లు

బ్రాడీపేట, గుంటూరు
ఫిబ్రవరి 19

ప్రియమైన కోటేశ్వరికి,

ఫోనులో నిమిషంలో తేలిపోయేదానికి ఇది కాగితం, కలం పట్టుకుని కూర్చుందేమిటి అనుకుంటున్నావు కదూ. నీ ఫోను ఇంటిల్లిపాదిదీ. మోగితే ముందు మీ ఆయన కోటేష్ తీస్తాడు. ఆయనకి తెలిస్తే సాయంత్రానికల్లా మీ తమ్ముడు శ్రీకృష్ణకి తెలుస్తుంది. శ్రీకృష్ణకి తెలిస్తే మీ ఊరి మిరప రైతుల సంఘం మొత్తానికీ తెలిసినట్టే, అధ్యక్షుడు వాడే కాబట్టి. ఈ సంగతి ముందు నీకొక్కదానికే తెలియాలి. చదివి తిట్టు, పడతాను. చివరిదాకా చదివి మాత్రం తిట్టు.

మొన్న మంగళవారం మీ పుట్టింటికి ఐరోపా నుంచి ముగ్గురు వచ్చారు, ఫోటోలు చూసే ఉంటావు. వాళ్లకి దుబాసీగా వెళ్లింది నేనే. వాళ్లు అక్కడి ఒక పార్టీల కూటమి మనుషులు. పది పదిహేను దేశాల సంప్రదాయవాద పార్టీలు కలిసి కట్టుకున్న కూటమి అది. ఐరోపా యూనియన్‌లోంచి బయటికి పోతామని అనరు. అలాగని బ్రస్సెల్స్ చెప్పిన ప్రతిదానికీ తల ఊపరు. కలిసే ఉంటాం, మా ఇంటి మాట మాత్రం మేమే చెప్పుకుంటాం అంటారు. ఇదంతా ముందురోజు చెబితే మీ నాన్న, అదే మా చెంచయ్య బాబాయ్, పడీపడీ నవ్వాడు. "అంటే వేరు కాపురం పెట్టరు, అత్తగారి పెత్తనం మాత్రం ఒప్పుకోరు. మా నడిపి కోడలు బాపతన్నమాట!" అన్నాడు.

వాళ్లు ఊరికే చూసిపోవడానికి రాలేదు. మన మిరపకాయలు అక్కడి రేవుల్లో దిగితే మందుల అవశేషాలు ఉన్నాయేమోనని పరీక్ష చేస్తారు. ఆ పరీక్షలు సడలించమనాలా, బిగించమనాలా అన్నది మార్చి పన్నెండున ఈ కూటమి తేల్చుకోవాలి. వాళ్లలోనే రెండు పక్షాలు. కాగితాల గోల తగ్గించండి అనేవాళ్లు సగం. మా రైతుని వాడొద్దన్న మందు కొట్టిన కాయ మా దేశంలోకి ఎందుకు రావాలి అనేవాళ్లు సగం. వచ్చిన ముగ్గురిలో హన్నా అనే ఆవిడ రెండో పక్షం. పోలండు మనిషి, యాభై దాటి ఉంటాయి, రైతు కూతురు. ఆవిడ ఏం రాసుకుని వెళితే కూటమి అదే వింటుందని మిగతా ఇద్దరి వరస చూస్తేనే తెలిసింది. పరీక్షలు సడలితే అక్కడి మసాలా కంపెనీ ఒకటి మీ సంఘం దగ్గరే నేరుగా కొంటానంది. నలభై రెండు ఇళ్ల ఆశ అది, నీకు నేను చెప్పాలా?

పొలం చూపించారు, కల్లం చూపించారు. శ్రీకృష్ణ బట్టీ పట్టించాడేమో, ఎవరిని అడిగినా ఒకటే మాట: "కోతకి నెల ముందే మందు ఆపేస్తామండి." నేను అదే ఇంగ్లీషులో చెప్పాను. నల్ల తామర పురుగు పడ్డ ఏడు ఎవరు ఆపుతారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా అది వాళ్లన్న మాట, అటు చేర్చడమే నా పని. అప్పటిదాకా నా తప్పు లేదు.

మధ్యాహ్నం మీ ఇంట్లో భోజనాలు. వెంకటేశ్వరమ్మ పిన్ని వేడి అన్నంలో పండుమిరప పచ్చడి వేసి ఇంత నెయ్యి పోసింది. హన్నా కళ్ల వెంట నీళ్లు కారుతున్నా వదల్లేదు, మళ్లీ వేయించుకుంది. "ఈ కాయలు ఇందాక చూసిన చేలోవేనా?" అని అడిగింది. నేను తెలుగులో చెప్పాను. బాబాయ్ చెయ్యి కడుక్కుని, అందరికీ వినపడేలా అన్నాడు: "అబ్బే, అది అమ్మకానికండి. ఇవి మా ఇంటి సాళ్లవి. గట్టు పక్క పది సాళ్లు ఇంటికని వదులుతాం. పూత పట్టాక వీటికి మందు చుక్క తగలనియ్యం. మా పిల్లలు తినేది కదా!"

కోటీ, ఆ క్షణం నీకెలా చెప్పను! శ్రీకృష్ణ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. పిన్ని గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఇంట్లో ఉన్నవాళ్లందరూ నా నోటివైపే చూస్తున్నారు. మన ఊళ్లలో అది మర్యాద. వచ్చినవాళ్లకి అమ్మకపు కాయ పెట్టలేదు, ఇంటి కాయే పెట్టాం అని చెప్పుకోవడం గొప్ప. ఆ గొప్పలోనే గుట్టంతా ఉందని బాబాయ్‌కి తట్టినట్టు లేదు. మనం తినేదానికి కొట్టని మందు వాళ్లు తినేదానికి కొడుతున్నామని ఆయనే ఆయన నోటితో చెప్పేశాడు.

నేను హన్నాతో ఇంగ్లీషులో ఏమన్నానో తెలుసా? "అవునండి, ఆ చేలోవే. అతిథులని మంచివి ఏరి పెట్టారు" అన్నాను. హన్నా నవ్వింది. బాబాయ్‌కి నమస్కారం పెట్టింది. పుస్తకం తీసి రాసుకుంది.

వెళ్లేటప్పుడు శ్రీకృష్ణ నా చెయ్యి పట్టుకుని "అక్కా, ఇల్లు నిలబెట్టావు" అన్నాడు. బాబాయ్ మాత్రం కారు దగ్గరికి రాలేదు. నోరు జారానని తెలిసి సిగ్గుపడ్డాడేమో. ఆయన్ని అలా చూస్తే నాకు ఏడుపొచ్చింది. అమ్మ ఆస్పత్రిలో ఉన్న ఏడాదంతా నేను మీ ఇంటి అన్నమే తిన్నాను. ఇప్పటికీ ప్రతి వేసవిలో పిన్ని పంపే కారం ఆ ఇంటి సాళ్లదే. ఉప్పు తిన్న ఇల్లు కాబట్టే నాలుక అటు తిరిగింది.

కానీ ఉన్నదున్నట్టు చెబుతానని సంతకం పెట్టి వెళ్లిన మనిషిని నేను. మాట మింగినా కొంత నయం, నేను మార్చేశాను. ఈ రోజు నుంచి మాకు రోజాలు. పొద్దుటి నుంచి మంచినీళ్లు ముట్టకుండా ఈ అబద్ధాన్ని మాత్రం కడుపులో పెట్టుకుని కూర్చున్నాను. పన్నెండో తారీకున అక్కడ నా అబద్ధాన్ని మీ నాన్న మాట అని చదువుతారు. హన్నాకి నిజం రాసేయాలని ఉంది. రాస్తే మీ నాన్న పరువూ, నలభై రెండు ఇళ్ల ఆశా నా చేతులతో నేనే పోగొట్టినదాన్నవుతాను. నువ్వే చెప్పు, ఏం చెయ్యను?

నీ
సమీరా

*

వేటపాలెం
ఫిబ్రవరి 23

ఒసే సమీరా,

చివరిదాకా చదివే తిడుతున్నాను. నీకేమన్నా పిచ్చా? దేవుడిలా అడ్డుపడి ఇల్లు కాపాడి, ఇప్పుడు నువ్వే నిప్పు పెడతానంటావా? మా నాన్న సంగతి నీకు తెలియనిదా. నలుగురు కనిపిస్తే గొప్పలు చెప్పకుండా ఉండలేడు. ముసలాయన నోరు జారాడు, నువ్వు సర్దావు. కూతురిని, నేనున్నా అదే చేసేదాన్ని. దానికి ఇంత పురాణమెందుకు?

పోయిన ఏడు కాయ అడిగిన నాథుడు లేక కోల్డ్ స్టోరేజీలో పెట్టి శ్రీకృష్ణ ఎన్ని రోజులు అన్నం మానేశాడో నేను చూశాను. నువ్వు బ్రాడీపేటలో ఫ్యాను కింద కూర్చుని పాఠాలు చెప్పుకుంటావు, నీకు సత్యం కావాలి. వాళ్లకి కాయ అమ్ముడుపోవాలి. ఇంటి సాళ్లు వదలని ఇల్లు ఈ చుట్టుపక్కల ఒక్కటి చూపించు. ఊరందరూ చేసేదానికి మా నాన్న ఒక్కడే దోషి అవుతాడా?

ఆ హన్నా ఎవరో, వాళ్ల కూటమి ఏమిటో నాకక్కర్లేదు. పన్నెండో తారీకు దాటేదాకా నోరు మూసుకుని ఉండు. నీ ఉత్తరం ఎవరి కంటా పడకుండా బియ్యం డబ్బాలో అడుక్కి తోశాను. ఒకవేళ నువ్వు ఆవిడకి ఒక్క ముక్క రాశావని తెలిసిందా, మన స్నేహానికి నీళ్లొదులుకో. ఊరికే అంటున్నాననుకోకు.

కోటేశ్వరి

*

ఫిబ్రవరి 27

అమ్మా సమీరా,

మీ చెంచయ్య బాబాయి రాస్తున్నాడు. బాగున్నావా అని అడిగే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. మొన్న కోటేశ్వరి ఇంటికి కొత్త బియ్యం తీసుకెళ్లాను. డబ్బా దులిపి పోద్దామని బోర్లిస్తే నీ ఉత్తరం పడింది. నాకు రాసింది కాదు. అయినా కళ్లజోడు తెచ్చుకుని మరీ చదివాను. ఫోనులో అయితే నువ్వు ఏడుస్తావు, నేను సగంలో ఆపేస్తాను. అందుకే రాస్తున్నాను.

నువ్వూ, నా కూతురూ ఒకటే అనుకున్నారు, ముసలాడు నోరు జారాడని. అరవై ఎనిమిదేళ్లొచ్చాయి, ఎవరి ముందు ఏం మాట్లాడాలో నాకు తెలుసు. నేను నోరు జారలేదమ్మా. చెప్పాలనే చెప్పాను.

మా పొలంలో ఇరవై రెండేళ్లుగా పనిచేసే రెబ్కాని నువ్వెరుగుదువు. మందు కొట్టేది ఆమె మొగుడు మార్కే. కోత అయ్యాక కూలికి వచ్చినవాళ్లకి పచ్చడికని నాలుగు దోసిళ్లు పండుకాయలు పెట్టడం మనకి అలవాటు. పోయిన నెల మీ పిన్ని పెట్టబోతే రెబ్కా కొంగు పట్టలేదు. "అమ్మగారూ, ఈ చేలోవి వద్దండి. ఆ ఇంటి సాళ్లలోవి నాలుక్కాయలు పెట్టండి. మా మనవరాలు తింటది" అంది. మెల్లగానే అంది. మీ పిన్ని వినపడనట్టు లోపలికి పోయింది. నేను అక్కడే మంచం మీద ఉన్నాను. నేనూ వినపడనట్టే ఉన్నాను. రెబ్కా ఖాళీ కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. మేం ఏం తింటున్నామో, తనకేం పెడుతున్నామో ఆమెకి మొదటినుంచీ తెలుసమ్మా. అడగడానికి ఇరవై రెండేళ్లు పట్టింది. ఆ రోజు నుంచి ఆ పచ్చడి నాకు గొంతు దిగడం లేదు.

ఆ పైదేశపు మనిషి అదే పచ్చడి తింటూ అదే మాట అడిగితే ఇంక దాచబుద్ధి కాలేదు. చెప్పాను. అంత పెద్ద మాట చెబితే ఆవిడ నవ్వింది. నవ్వేంత మాట నేను చెప్పలేదే అనుకున్నాను. అప్పుడే తెలిసింది నువ్వు తిప్పేశావని. కారు దగ్గరికి రానిది సిగ్గుతో కాదు, కోపంతో.

సంఘం సంగతి నాకు తెలియదనుకోకు. నలభై రెండు ఇళ్ల గురించి నేను ఎవరికీ ఏమీ చెప్పను, ఆ హక్కు నాకు లేదు. వాళ్ల కూటమి గురించి నువ్వే కదా చెప్పావు, కలిసుంటారు గానీ ఎవరింటి మాట వాళ్లే చెప్పుకుంటారని. ఆ రోజు నవ్వాను గానీ, మాట బాగానే ఉంది. నేనూ సంఘంలోనే ఉంటాను. నా నాలుగెకరాల మాట మాత్రం శ్రీకృష్ణ దాచడానికి లేదు, నువ్వు మార్చడానికి లేదు. సంఘానికి నష్టమొస్తే వాళ్లు నన్ను తిట్టనీ, ఊళ్లోనే ఉంటాను, పడతాను.

ఉప్పు తిన్న ఇల్లని రాశావు. తిన్నందుకు అబద్ధమాడమని ఈ ఇంట్లో ఎవరూ నిన్ను అడగలేదు. నీ నోటితో తిప్పావు, నీ చేత్తోనే సరిచెయ్యి. పన్నెండుకి ముందే అందాలి.

మీ బాబాయి
చెంచయ్య

*

బ్రాడీపేట
మార్చి 6

బాబాయ్‌కి,

మీ ఉత్తరం అందిన పూటే హన్నాకి రాశాను. మీరన్న మాటలు అన్నట్టే పెట్టాను, కింద నేను ఏమని మార్చానో కూడా రాశాను. మీ నాలుగెకరాల సంగతే రాశాను, సంఘం పేరు ఎత్తలేదు. ఆ మాట ఎందుకు చెప్పారో తెలియాలని మీ ఉత్తరంలోని కూలి సంగతి కూడా రాశాను. పేరు మాత్రం పెట్టలేదు.

శ్రీకృష్ణకి తెలిసిపోయింది. నిన్న వచ్చి, క్లాసులో పిల్లలున్నారని కూడా చూడకుండా "మా ఇంటి కూడు తిని మా నోట్లో మన్ను కొట్టావు" అని అరిచి వెళ్లాడు. కోటేశ్వరి నా ఫోను తియ్యడం లేదు. వాళ్లని నేనేమీ అనలేను. నాకు దుబాసీ పని ఇప్పించిన ఆఫీసువాళ్లు ఇక పిలవమన్నారు, అది న్యాయమే.

హన్నా జవాబు ఈ ఉదయం వచ్చింది. మెచ్చుకోలేదు, కోప్పడలేదు. సమావేశంలో ఏం తేలుతుందో తనకీ తెలియదంది. ఒక్కటే అడిగింది: ఆ కాయలు అడిగిన మనిషి పేరేమిటి, ఆమె మాటని ఆమె పేరుతో అక్కడ చదవవచ్చా అని.

నేను ఇంకా జవాబు ఇవ్వలేదు. అసలు ఆమె సంగతి రాసే ముందే ఆమెని అడగాల్సింది. మళ్లీ తొందరపడ్డాను. మీరు నాకు చెప్పారు, నేను హన్నాకి చెప్పాను, మధ్యలో రెబ్కాని ఎవరమూ అడగలేదు. ఎల్లుండి ఆదివారం ఆమె చర్చి నుంచి వచ్చే వేళకి నేనే వాళ్లింటికి వెళతాను. వద్దంటే వద్దనే రాస్తాను, ఒక్క ముక్క అటూ ఇటూ కాకుండా.

మీరు మాత్రం అక్కడికి రావద్దు బాబాయ్. పిన్నిని కూడా రానివ్వకండి. మీరెదురుగా ఉంటే కాదనడం ఆమె వల్ల కాదు.

సమీరా