కాప్రా నక్కలూ మా బ్రౌనీ జ్వరమూ

ప్రాంతీయ పశువైద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కాప్రా చెరువు దగ్గరి మా కాలనీ గోడ వెంబడి నక్కలకు, కుక్కలకు పిడుదుల ద్వారా సోకుతున్న రక్తవ్యాధి గురించియు, నా కుక్కను ఈ ఆదివారంలోగా వెళ్లగొట్టవలెనన్న కాలనీ కమిటీ తీర్మానమును ఆపించుట గురించియు.

చెరువుగట్టు కాలనీ నివాసి, పదవీ విరమణ చేసిన హెడ్ గుమాస్తా ఐజాక్ వ్రాసుకొను మనవి ఏమనగా:

1. మా కాలనీ వెనుక గోడకు అవతల తుప్పలు కలవు. తుప్పల్లో నక్కలు కలవు. పొద్దున్నే నక్క ముఖం చూసినవానికి ఆ రోజు తలపెట్టిన పని జరుగునని మా వాళ్ల గట్టి నమ్మకం. ఇంటర్వ్యూ ఉన్నవారు, కోర్టు వాయిదా ఉన్నవారు, పెళ్లిచూపులకు పోవువారు గోడ దగ్గర చేరుదురు. వీరి వాయిదాలు నక్కలకు తెలియవు కనుక, కమిటీ అధ్యక్షుడు శ్రీ హరికిషన్ గారు వాటిని రప్పించుటకు గోడ కంతలో చికెన్ తోళ్లు వేయించుట షురూ చేసినారు. ఇప్పుడు అల్వాల్ నుంచి సుత జనం బండ్లేసుకొని వచ్చుచున్నారు.

2. నక్కలు తిని, అక్కడే గోక్కొని, ఒంటి మీది పిడుదులను గడ్డిలో రాల్చి పోవును. మిగిలిన తోళ్ల వాసనకు మా బ్రౌనీ అదే కంతకు పోవును. కుక్క కదండీ, పోకుండా ఉంటుందా?

3. బ్రౌనీకి జ్వరం వచ్చి, మూత్రం డికాక్షన్ రంగులో పోవుట చూసి, ప్రైవేటు పశువుల డాక్టరు వసుధ గారి వద్దకు ఎత్తుకొనిపోతిమి. ఆమె బ్రౌనీ చెవి నుంచి రక్తపు చుక్క తీసి మైక్రోస్కోపులో నాకే చూపించినారు. ఎర్ర కణాల లోపల బియ్యపుగింజలు జంటగా పెట్టినట్లున్నవి. పిడుదు కరిచినప్పుడు రక్తంలోకి దిగే బాబేసియా అను పరాన్నజీవి అట. మందిచ్చి, కుక్కను కదపవద్దన్నారు. మళ్లీ పిడుదులు పట్టితే మాత్రం బతకడం కష్టమన్నారు.

4. మొన్న ఒక నక్క పట్టపగలు తూలుకుంటూ వచ్చి గోడకు ఆనుకొని పడిపోయినది; ఇంకా అక్కడే రొప్పుతూ ఉన్నది. చెవుల నిండా పిడుదులు, శనగలు అతికించినట్లు. ఇది చూసైనా తోళ్లు వేయుట మానుదురని తమరు అనుకొందురు. నేనూ అనుకొంటిని. కమిటీ వారు అత్యవసర సమావేశం పెట్టి, నా కుక్కే నక్కలకు రోగం అంటించినదని తీర్మానించినారు. హరికిషన్ గారు మా గేటు దగ్గరకే వచ్చి, ఎంతో మర్యాదగా చెప్పినారు: "ఐజాక్ సార్, మీ కుక్కతోటి నక్కలు పరేషాన్ అయితున్నయ్. వచ్చే నెల మా బిడ్డ నవతకు ఇంటర్వ్యూ ఉంది. ఆదివారం లోపల దాన్ని ఏడనన్న ఇడిసిపెట్టి రాండ్రి." లోపలి నుంచి నా భార్య రోసమ్మ వినినది. అప్పటి నుంచి ఆమె కుక్క పక్కన చాప వేసుకొని లేవడం లేదు. ఇంట్లో పొయ్యి వెలిగించేది నేనే.

5. మున్సిపాలిటీ వారు నక్క అడవి జంతువు గనుక అటవీ శాఖకు పొమ్మన్నారు. అటవీ శాఖ వారు కుక్క పెంపుడు జంతువు గనుక తమరి పశువైద్య ఆఫీసుకు పొమ్మన్నారు. తమ గుమాస్తా గారు కుక్క మీది పిడుదు మాది, నక్క మీది పిడుదు మాది కాదని సెలవిచ్చినారు. మరి గడ్డిలో ఉన్న పిడుదు ఎవరిదండీ అని అడిగితిని. భోజనానికి లేచిపోయినారు.

6. ఎవరు ఎవరికి అంటించారన్న పంచాయితీ నాకక్కరలేదు. పిడుదు అటు నుంచి ఇటూ, ఇటు నుంచి అటూ మోయగలదనీ, నక్క రక్తం చూడనిదే ఏమీ చెప్పలేమనీ వసుధ గారే అన్నారు. కావున తోళ్లు వేయుట ఆపించి, గోడ వెంట పిడుదుల మందు కొట్టించి, అటవీ శాఖ వారితో కలిసి ఆ నక్కకు పరీక్ష, వైద్యం చేయించ ప్రార్థన. అంతవరకు కుక్కను కదపరాదని రెండు ముక్కలు వ్రాసి ఇవ్వండి చాలు. లేచి నిలబడలేని దాన్ని ఎక్కడ వదలమంటారయ్యా? మల్కాజ్‌గిరి రైలు పట్టాల పక్కనా? నేను పిలిస్తే ఇప్పటికీ తోక ఆడిస్తుంది. దాన్ని పొమ్మనడం నా వల్ల కాదు.

తమరు చిత్తగించి, ఆదివారం రాకముందే ఏదో ఒకటి తేల్చవలెను.

ఇప్పటికైతే తమ విధేయుడు,
ఐజాక్

తా.క.: ఈ అర్జీ పట్టుకొని తమ గది బయట కూర్చొని ఉండగా, అటెండరు బిక్షం దీన్ని తీసుకొని మొత్తం చదివినాడు. చదివి, నా పక్కన కూర్చొని మెల్లగా అడిగినాడు: "నక్కలు పొద్దుగాల ఎన్నింటికొస్తయ్ సార్? మా సార్ ప్రమోషన్ ఫైలు పైన ఆగింది. జెర జాగ చూపిస్తే సార్‌ను తీస్కొస్త."

రండయ్యా. ఎండ పొడవకముందే వస్తే కనబడతాయి. తమరు నక్క ముఖం చూసుకుంటే నాకేం అభ్యంతరం లేదు, కుర్చీ కూడా నేనే వేస్తాను. గోడ పక్కదే మా ఇల్లు. తిరిగి వెళ్లేటప్పుడు మా బ్రౌనీ ముఖం కూడా ఒక్కసారి చూసి పోండి.