ఫర్హానాకు ఫ్రెంచి పాఠం

జనగామ,
12 నవంబరు 2025.

ప్రియమైన ఫర్హానాకు,

నీకూ మాజిద్ భాయ్‌కీ సలాములు, హుమేరాకు ముద్దులు. భూపాలపల్లిలో మీరంతా క్షేమమని తలుస్తాను. ఇక్కడ నా మోకాలు తప్ప అంతా బాగుంది.

నిన్న ఫోనులో నువ్వడిగిన పార్టిసిప్ పాసే కాగితం మీద పెడితేనే నయమనిపించింది. ఇరవై మూడున నీ డిప్లొమా పరీక్ష. ఇరవై రెండేళ్ల కిందట ఆగిపోయిన చదువు. ఇది గట్టెక్కితే హనుమకొండ బడిలో ఫ్రెంచి టీచరువి నువ్వే కదా!

పార్టిసిప్ పాసే అంటే మన "కుట్టిన" లాంటి మాట, పని అయిపోయిందని చెబుతుంది. "కుట్టిన లంగా" అన్నట్టు పేరు పక్కన నిలబడుతుంది. ఇంకో క్రియను తోడు తెచ్చుకుంటే "కుట్టాను" అవుతుంది. మన "కుట్టిన" లంగాకైనా కోటుకైనా మారదు. వాళ్లది మాత్రం పక్కనున్న పేరు స్త్రీలింగమైతే చివర ఒక అక్షరం చేర్చుకుంటుంది. "లంగా కుట్టాను" అనేటప్పుడు ఏదీ చేర్చకు. పోవడం, రావడం, పుట్టడం లాంటివి "ఉండు" క్రియను తోడు తెచ్చుకుంటాయి. అక్కడ వచ్చింది నువ్వయితే నీ అక్షరం నీకు పెట్టాల్సిందే.

చొక్కా ఆడదట, జాకెట్టు మగదట, గీళ్లకు కొలతలెవలు తీస్తరే అని నువ్వంటే అరగంట నవ్వాను. అమ్మీ, జర కుట్టు మిషన్ ఇడిసి పుస్తకం పట్టు, ఫెయిలైతే నీ చెవి నేనే మెలిపెడత అని హుమేరా బెదిరించడమూ వినబడింది.

ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నా, నీకు సరిగ్గా చెప్పానో లేదోనని అనుమానమే.

నీ
నీరజ

తా.క.: అంటించిన కవరు మళ్లీ విప్పాను. మీ అబ్బాజాన్ చనిపోయి, నువ్వు మీ ఊరు కాటారంలో ఉండి పరీక్ష రాయలేకపోయిన ఏడు, నెలలోపే మళ్లీ పరీక్ష పెట్టారు. నీకు చెప్పమని మన క్లాసు సార్ నాతోనే అన్నారు. నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన కాకముందు మీ ఇంట్లో ఆడపిల్లను గడప దాటనివ్వరని నాకు నేనే తీర్మానించుకుని చెప్పలేదు. నాలుగో రోజే మీ అమ్మీ నిన్ను బట్టల కొట్టులో కుట్టుపనికి పంపిందని తరవాత తెలిసింది. మీ ఆచారాన్ని నిజంగానే గౌరవించానా, మొదటి ర్యాంకు నాకే రావాలనుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

నా నసీబే గంతే, మళ్ల పరీక్షనే పెట్టకపాయె అని నిన్న నువ్వన్నావు. నసీబు కాదే, నేను.

నీ పరీక్షయ్యాక చెబుదామనుకున్నాను. కానీ నీ బదులు నేను తీర్మానించడం ఆ ఒక్కసారితో చాలు.