మన గల్లీ పాడుబడ్డదన్నా

బూర్గంపాడు,
జులై 2004

తమ్ముడు మున్వర్‌కు, నీ ఇంటి ఓనర్ దస్రు మంచి కోరి రాసేది.

నౌకరి అయిపోయి ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఖమ్మం దిక్కు రాలేదు. మోకాళ్లు బస్సెక్కనిస్తలేవు. మొన్న భద్రాచలం దవాఖానల ఒకాయన కలిసి, "ఖమ్మంల కిరాయిలు మండిపోతున్నయి, నువ్వింకా పాత కిరాయే తీసుకుంటున్నవా?" అని నవ్విండు. మీ వొదినె కమ్లి పక్కనే ఉండె. అప్పటి నుంచి ఇంట్ల నాకు బువ్వ సక్కగ దిగుతలేదు.

నువ్వు దూది ఏకి పరుపులు కుట్టేటోనివి, నీ సంపాదన నాకెరుకే. గల్లీ ఎట్లున్నదో చూసి ఎంత పెంచాల్నో నువ్వే చెప్పు. నీ మాట మీద నాకు నమ్మకం.

ఇట్లు,
నీ అన్న దస్రు

తా.క.: తక్కువ చెప్పినా నేనేమనుకోను. కమ్లి అనుకుంటది.

ఖమ్మం

దస్రన్నకు, వొదినమ్మకు మున్వర్ సలాములు.

నీ ఉత్తరం నేను చదువుతుంటే వినుకుంట నా ఇంటామె అమీనా బీ పాలు పొంగినా చూడలే.

గల్లీల ఏమున్నదన్నా, పాడుబడ్డది. హమాలీ పిచ్చయ్య పెండ్లాం పిల్లలతోని వెళ్లిపోయిండు. లారీ గోప్యా ఇల్లు కూలగొట్టిండ్రు. చెంచురామయ్య చాయ్ హోటల్ మూతబడ్డది. పాతోళ్లల నేనొక్కన్నే మిగిలిన. పరుపు ఏకియ్యమని అడిగే మనిషి లేడు. పొద్దంతా దుకాణంల కూసుంటే ఏడుపొస్తది. అబద్ధమైతే నా నాలుక పడిపోవాలె.

ఇట్లు,
మున్వర్

తా.క.: రాత్రయితే చాలు, పైనుంచి పిల్లల ఏడుపులు. "అమ్మా, తీస్కపో" అంటరు. చీకటితోనే గంట మోగుతది. అందరు తెల్లబట్టలేసుకోని వరుసగ పోతరు, పలకరిస్తే పలకరు. ఒకటే చదువుడు.

బూర్గంపాడు

మున్వర్ తమ్ముడా, ధైర్యంగ ఉండు.

నీ ఉత్తరం కమ్లికి చదివి వినిపిస్తే ఇద్దరికీ ఒళ్లు జలదరించింది. "సచ్చినంక కూడ చదువు తప్పలేదా?" అని నేనంటే, "బతికున్న పిల్లలు చీకటితోని లేచి చదువుతరా? ఎక్కడన్న చూసినవా?" అన్నది కమ్లి. ఆమెనే చెప్పింది, కిరాయి పెంచొద్దని. పాతదే ఇయ్యి.

కవర్ల తాయెత్తు పెట్టిన. గడపకు కట్టు.

ఇట్లు,
దస్రు

తా.క.: తాయెత్తు మా అల్లుడు భీమ్లాతోని పంపుదామనుకున్న. నీ ఉత్తరం విన్నప్పటి నుంచి వానికి జ్వరం.

ఖమ్మం

దస్రన్నకు వెయ్యి సలాములు.

తాయెత్తు కట్టిన. దయ్యాలని నేనైతే రాయలేదు. కాదని మాత్రం నేనెందుకంట?

కిరాయి పెంచనన్నవు, అల్లా నిన్ను సల్లగ చూడాలె. ఈ గూడు తప్ప మాకు ఇంకో దిక్కు లేదన్నా. పిచ్చయ్య ఊరవతల గుడిసె వేసుకున్నడు, పనికి రానుపోను సగం కూలి ఆటోకే పోతుందట. నా గతి గట్ల కావొద్దు. నువ్వు బేఫికర్ ఉండు, ఈ ఇంటి మొఖం చూసేటోడు కూడ ఎవ్వడు లేడు. నా అసొంటి మొండోడే ఉండాలె.

ఇట్లు,
నీ మున్వర్

తా.క.: తాయెత్తు చూసి ఆ తెల్లబట్టల పిలగాడొకడు ఆగిండు. "ఇది కడితే ర్యాంకొస్తదా?" అని అడిగిండు.

బూర్గంపాడు

నా తమ్ముడు మున్వర్‌కు, ఇగ నీ కష్టం తీరింది.

ర్యాంకు అడిగిన దయ్యం సంగతి విన్నంక నాకు కన్ను మూత పడలే. నిన్ను అక్కడ ఇడిసిపెట్టి నేనిక్కడ కడుపునిండ ఎట్ల తింటరా? అంతల దేవుడు పంపినట్టు ఖమ్మం నుంచి బాబూరావు అని ఒకాయన కార్ల వచ్చిండు. ఇల్లు అమ్మేసిన. రిజిస్ట్రేషన్‌కు ఆయనే తీస్కపోయి మళ్ల ఇంటికాడ దించిండు. "గల్లీ చూస్తరా?" అంటే నేనే భయపడి వద్దన్న.

ఆయన పాపం వట్టి అమాయకుడు. పిచ్చయ్య కిరాయికున్నది, గోప్యాది, అన్నీ ఆయనే కొన్నడట, మనదొక్కటే మిగిలిందట. అన్నిట్ల పిల్లల హాస్టళ్లట! గసొంటి కాడ పిల్లల్ని పెడతవా అని ఏడుపులు, గంట, అన్నీ ఇప్పి చెప్పిన. ఒకటే నవ్వుడు. మోసం జేసిన పాపం తగులుతదని ఆయన ఇస్తానన్న దాంట్ల సగమే తీసుకున్న.

ఈ నెలాఖరుకు ఖాళీ చెయ్యి. మర్నాడు పొద్దున్నే కూలగొడతరట. మా కొట్టం సాఫ్ చేయించిన, అమీనా బీని, పిల్లల్ని తీసుకొని జల్దీ వచ్చెయ్. ఇక్కడ అందరు నులక మంచాల మీద పండేటోళ్లే, పరుపుల పని దొరకది గని, భయం మాత్రం లేదు.

ఇట్లు,
నీ అన్న దస్రు

తా.క.: నన్ను మెచ్చుకోకు. నువ్వు ఉన్నదున్నట్టు రాయబట్టే ఇదంత అయింది. ఇంకోడైతే కిరాయి కోసం ఏదన్న దాచిపెట్టేటోడు.