మధ్యాహ్నం తప్పు చూపే ముళ్లు

24 ఏప్రిల్ 1999

స్కూలు మూశారు. ఇక జూన్ దాకా సెలవులే అనుకుంటూ ఇంటికి వస్తే వరండాలో ఈయన. కుడి చేతికి కట్టు. విమానం రెక్క మీంచి దిగుతూ జారారట. ఫ్లయింగ్ క్లబ్బు కెప్టెన్ గారు రేణిగుంట నుంచి నేరుగా పుత్తూరు ఎముకల వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి కట్టు కట్టించారు. ఎక్స్‌రే తీయించాల్సింది అన్నాను.

"ఆయన పట్టి సూసి చెప్పేసినాడు, మణికట్టు చీలిందని. ఇంక ఎక్స్‌రే యాడికి?"

నొప్పి గురించి ఒక్క మాట లేదు. దిగులంతా విమానం గురించే.

25 ఏప్రిల్

రాత్రి సరిగ్గా నిద్రపోలేదు ఆయన. ఎయిర్‌ఫోర్సులో ఈయన పని విమానాల మీటర్లు బాగుచేయడం. బయటికి వచ్చాక ఇన్నేళ్లూ తిరుపతిలో మిక్సీలు, నీళ్ల మోటార్లు. ఫ్లయింగ్ క్లబ్బు కెప్టెన్ గారు షాపు వెతుక్కుంటూ వచ్చి, "మా పసుపు విమానం మీటర్లు సూస్తావా మునిరత్నం అప్పా" అని అడిగిన రోజు ఈయన నడకే మారిపోయింది. నాకన్నా వయసులో పెద్దది ఆ విమానం. వచ్చే నెల మద్రాసు నుంచి తనిఖీ ఆఫీసరు వస్తారు. మీటర్లు తప్పు చూపిస్తే ఇక ఎగరనివ్వరు. క్లబ్బు వాళ్లు అప్పుడే నాయుడుపేట పాతసామాన్ల వ్యాపారితో మాట్లాడి పెట్టుకున్నారట.

"ఎడం చేత్తో సోల్డరింగ్ అయ్యే పని కాదు వనజా."

"నావి రెండు చేతులూ బాగున్నాయి గదా" అన్నాను.

ఎందుకు అన్నానో... అనేశాను.

26 ఏప్రిల్

రేకుల షెడ్డు. పసుపు విమానం — అనుకున్నదానికన్నా చిన్నది. రెండే సీట్లు, ఒకదాని వెనక ఒకటి. ముందు సీట్లో ఎక్కి, కిందికి జారి, మీటర్ల బోర్డు వెనక్కి తల పెట్టాలి. చీరతో సగం దూరం కూడా పోలేదు.

పైన గుడ్డ చుట్టిన వైర్లు. తాకితే పొడి రాలుతుంది. ఓమ్ నియమం తొమ్మిదో తరగతికి ఎన్నిసార్లు చెప్పానో. బోర్డు మీద గీసే వైర్లు ఎంత నున్నగా ఉంటాయి. ఇక్కడ అన్నీ ఒకే మట్టి రంగు.

27 ఏప్రిల్

మేనకోడలి చుడీదార్ అడిగి తెచ్చుకున్నాను. ఇంటి ఓనరమ్మ చూసింది. "ఏం టీచరమ్మా, కొత్త వేషం?" విమానం రిపేరు అన్నాను. నవ్వింది. నిజమేనని నేనూ చెప్పలేదు.

29 ఏప్రిల్

ఇంట్లో సోల్డరింగ్ నేర్చుకోవడం. షాపులోంచి తెచ్చిన వైరు ముక్కలు అతకడం, తెంచడం, మళ్లీ అతకడం. చూపుడు వేలు కాలింది.

"అతుకు మెరవాల. మెరవకుండా బూడిద మాదిరి ఉంటే లోపల పట్టలేదని అర్థం. సీసం కాదు, ముందు వైరు వేడెక్కాల."

సాయంత్రానికి ఒకటి మెరిసింది. ఆయన కళ్లద్దాలు పైకి తోసి చాలాసేపు చూశారు. "ఊఁ" అన్నారు. మా ఆయన "ఊఁ" అంటే ఎంతో నాకు తెలుసు.

2 మే

గెలుపు. పెట్రోలు మీటరు మొదటి నుంచీ చచ్చిపోయి ఉంది. ట్యాంకు నుంచి బోర్డు దాకా వైరు వెంట వేలితో తడుముకుంటూ వచ్చాను. సీటు కింద ఒకచోట వైరు మెత్తగా వంగింది. పైన గుడ్డ బాగానే ఉంది, లోపల రాగి తెగిపోయింది. కత్తిరించి, కొత్త ముక్క వేసి, అతికాను. ఆయన బయట స్టూలు మీద, ఎడం చేత్తో టార్చి పట్టుకుని.

"ఇప్పుడు బ్యాటరీ వెయ్యి."

ముల్లు వణికి, లేచి, సగం దగ్గర నిలబడింది. ట్యాంకులోనూ సగమే. ఆయిల్ వేడి చూపే మీటరు కూడా సరిగ్గానే ఉంది. దారిలో బస్సు దిగి మైసూర్‌పాకు కొన్నాం.

4 మే

మధ్యాహ్నం కెప్టెన్ గారికి చూపిద్దామని వెళ్తే — పెట్రోలు మీటరు ట్యాంకు నిండుగా ఉందంటోంది. ఆయిల్ మీటరు, ఇంజను తిప్పకుండానే, కాగుతోందంటోంది. పొద్దున సరిగ్గా ఉన్నవే రెండూ.

కెప్టెన్ గారు "ఎండకు మనకే తల తిరుగతా ఉండాది, దానికి తిరగదా" అని నవ్వబోయారు. ఈయన నవ్వలేదు.

5 మే

పొద్దున సరి. మధ్యాహ్నం తప్పు.

6 మే

మళ్లీ అదే. నేను అతికిన వైరు విప్పి, మళ్లీ అతికాను. మార్పు లేదు. మీటర్లు రెండూ విప్పి ఇంటికి తెచ్చి పరీక్షించాం — ఏ లోపం లేదు. తిరిగి బిగించాం. మధ్యాహ్నం తప్పు.

ఈయన షెడ్డులోనే గట్టిగా అన్నారు. "ఇంక వద్దులే. నాయుడుపేట ఆయన్నే తీసుకపోనీ." ఆ మాట ఆయనకు ఎంత కష్టంగా ఉందో మొహంలో తెలుస్తూనే ఉంది. అయినా నాకూ కోపం వచ్చింది. నా మెడ పట్టేసి ఉంది, వేళ్లన్నీ కాలిన మచ్చలు. "మీరు వద్దంటే నేనొక్కదాన్నే వస్తా" అన్నాను.

7 మే

చారులో పులుపు ఎక్కువైంది. అది కూడా అనలేదు ఆయన.

9 మే

వెళ్లాను. ఆయనా వచ్చారు.

మధ్యాహ్నం. రేకుల కింద కొలిమిలా ఉంది. బోర్డు వెనక చీకటిగా ఉందని బోర్డు దీపాలు వేశాను. రెండు ముళ్లూ ఒక్కసారే ఇంకా పైకి జరిగాయి. దీపాలు ఆర్పితే వెనక్కి. మళ్లీ వేశాను. మళ్లీ పైకి.

దీపాలకీ పెట్రోలుకీ ఏం సంబంధం? పెట్రోలుకీ ఆయిల్ వేడికీ ఏం సంబంధం? పిల్లలకైతే ఇలాగే అడిగేదాన్ని. మూడింటికీ కలిసి ఉన్నది ఏది?

"ఏమండీ... వీటన్నిటికీ ఎర్తు ఒకటేనా?"

బయట స్టూలు జరిగిన చప్పుడు. తరువాత ఈయన గొంతు, మెల్లగా — "ఒకటేనే. అన్నీ జడ మాదిరి అల్లిన ఒక తీగకే వస్తాయి. అది విమానం చట్రం కమ్మీకి బిగించి ఉంటాది. ఎడం పక్క సూడు. లోపలికి."

మల్టీమీటరు ఒక కొస జడ తీగకు, ఇంకో కొస కమ్మీకి. సున్నా రావాలి. ఒక వోల్టు దాటింది.

బోల్టు విప్పాను. కింద రంగు. ఎప్పుడో ఎవరో విమానానికి పసుపు రంగు వేస్తూ ఆ బోల్టు కిందా వేసేశారు. చల్లగా ఉన్నప్పుడు ఏ మూలో తగులుతోంది, వేడెక్కి లోహం సాగితే వదిలేస్తోంది.

గీకాను. రంగంతా పోయి లోహం తెల్లగా మెరిసేదాకా. బిగించాను. దీపాలు వేశాను.

ముళ్లు కదల్లేదు.

"దొరికిందండీ" అన్నాను. ఆయన లోపలికి వంగి, కట్టు ఉన్న చేత్తోనే నా భుజం తట్టబోయి, "అబ్బా" అన్నారు. ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం, చాలాసేపు.

10, 11 మే

రెండు రోజులూ మధ్యాహ్నమే వెళ్లాం. కావాలనే. సరి. సరి.

14 మే

మద్రాసు ఆఫీసరు వచ్చారు. నెమ్మదైన మనిషి, తమిళం కలిసిన తెలుగు. పొద్దున్నే చూసేసి వెళ్లిపోతానన్నారు. ఈయన — నన్ను అడగనైనా అడగలేదు — "మధ్యాహ్నం దాకా ఉండండి సార్. ఎండలో సూడండి" అన్నారు.

ఆఫీసరు ఉండిపోయారు. దీపాలన్నీ వేయించారు. ఇంజను తిప్పించారు. ఆ చప్పుడుకి షెడ్డు రేకులు అదిరాయి, పసుపు రెక్కలు వణికాయి, ముళ్లు మాత్రం ఉండాల్సిన చోటే. టార్చి వేసి బోర్డు వెనక చూశారు.

"ఈ జాయింట్లు ఎవరు పెట్టింది?"

"మా ఇంటామె సార్. స్కూలు టీచరు."

ఆఫీసరు నా వైపు తిరిగి తల ఊపారు. "రొంబ నీట్‌గా ఉంది అమ్మా." సంతకం పెట్టారు.

కెప్టెన్ గారు ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నారు. నేను చూశాను.

16 మే

కెప్టెన్ గారు ఒక్కరే ఎగిరి వచ్చారు. శ్రీకాళహస్తి వైపు పోయి, తిరిగి మా నెత్తి మీదుగా. మెడ నొప్పి పుట్టేదాకా చూశాం. ఈయన ఎడం చెయ్యి కళ్లకు అడ్డు పెట్టుకుని, చప్పుడు వింటూ, "బాగుండాది, బాగుండాది" అని తనలో తాను.

దిగాక కెప్టెన్ గారు అన్నారు — "రేపు పొద్దున ఇంకో రౌండు పోతా. ముందు సీటు ఖాళీ. మీ ఇద్దరిలో ఎవురన్నా ఒకరు రండి. ఎల్లుండి నుంచి ట్రైనింగు పిల్లోల్లు, మళ్లీ దొరకదు."

బస్సులో ఈయన కిటికీ వైపు చూస్తూ, "ఎన్ని విమానాలు సాగనంపినానో. ఒక్కదాంట్లో కూసోని ఎగరలేదు" అన్నారు. ఇన్నేళ్ల కాపురంలో ఈ మాట నాకు తెలియదు. కాసేపటికి, "నువ్వే పో వనజా. పని నీది" అన్నారు.

"మీరే ఎక్కండి" అన్నాను.

అన్నాను గానీ... నాకు ఎక్కాలని ఉంది. చాలా ఉంది. ఆయనకూ ఉంది. అన్నం తినేటప్పుడు ఇద్దరం కూరగాయల ధరలు మాట్లాడుకున్నాం.