పుట్టువెంట్రుకలు తీసేలోపు

ఫిబ్రవరి 3, ఆదివారం

గిద్దలూరు నుంచి ఇప్పుడే వచ్చాను. కాళ్ళు కూడా కడుక్కోలేదు. ముందు ఇది రాయాలి.

పాప! మా రమణమ్మ పాప! పెళ్ళయిన పదకొండేళ్ళకు... పేరంటానికి పిలిచినా పోకుండా తలుపు వేసుకునే పిల్ల, ఇవాళ ఒళ్ళో పాపను పెట్టుకుని నన్ను చూసి నవ్వింది. "నాయనా, ఎత్తుకో, ఏం గాదు" అంది. ఎత్తుకోవడం మరిచిపోయాను అనుకున్నాను. చేతులు మరిచిపోలేదు.

ఆడదిక్కు లేని ఇల్లని పురుడు అక్కడే, అల్లుడి రైల్వే క్వార్టర్లోనే పోశారు. ఇక్కడ పోసి ఉంటే... సరేలే.

తలనిండా జుట్టు! ఉంగరాలు ఉంగరాలు. వియ్యపురాలు పాపను భుజాన వేసుకుని ఇటు తిరిగింది. అప్పుడు చూశాను. మెడ మీద ఒక ఉంగరం, ఎడమకు తిరిగి. నాగమ్మకు అచ్చం అక్కడే ఉండేది. కొప్పు ఎంత బిగించినా ఆ ఒక్కటి జారేది. ఆమె పొయ్యి ముందు కూర్చుంటే నేను వెనక నుంచి దాన్నే చూసేవాణ్ణి. పోయి తొమ్మిదేళ్ళు. ఫోటో ఒక్కటీ లేదు.

ఎవరికి చెప్పను? తాళం తీసి గోడతోనే చెప్పాను — నాగూ, నీ జుట్టు మళ్ళీ వచ్చిందే.

ఫిబ్రవరి 5, మంగళవారం

పలకల కార్ఖానాకు పోయాను. పని మానుకున్నా కాళ్ళు అటే పోతాయి. చట్రాలు కొట్టేవాళ్ళకు పాప సంగతి చెబితే, "మొన్ననే చెప్పినావు గదా మామా" అని నవ్వు. మొన్న చెప్పింది పాప పుట్టిందని. ఇవాళ చెప్పింది జుట్టు గురించి. రెండూ వేరు.

ఫిబ్రవరి 6, బుధవారం

ఖాసిం స్టూడియోలో, అద్దాల బీరువాలో, డబ్బా కెమెరా! మన పలక లాగే నల్లగా. పైన చిన్న గాజుబిళ్ళ, తల వంచి అందులోకి చూడాలి. చూశాను — బజారంతా అందులో ఉంది, కుడిది ఎడమగా. ఎద్దులబండి అటు పోతుంటే ఇటు పోతున్నట్టు. గుండె చిన్నపిల్లవాడి గుండె అయింది.

"నీకెందుకు పెదనాయనా, పాపను తీసకరా, నేనే తీస్తా" అన్నాడు ఖాసిం. నెలల పిల్లను రైలెక్కించి నీ కొట్టుకు ఎవరు తెస్తారు? పైగా వాడు తీస్తే ఒక్కటి. నాకు పోయినప్పుడల్లా కావాలి.

కార్ఖానావాళ్ళు చివర్లో ఇచ్చిన డబ్బు ఉంది. దాని గురించి కాదు. కొనేసేవాణ్ణే. ఖాసిమే చెయ్యి అడ్డం పెట్టాడు. "నేనైతే ఆగమంటా. ఇది ఎండలోనే పని చేస్తాది. మనిషి కదిలితే దయ్యం మాదిరి పడతాది. మద్రాసుకు కొత్తది వస్తాంది, మడతలది. నీడలో గూడా తీస్తాది, కదిలే పిల్లనైనా పట్టేస్తాది. నెలలో తెప్పిస్తా."

అమ్ముకునేవాడే ఆగమంటే ఏం చేయాలి?

ఫిబ్రవరి 7

పాప ఎండలోకి రాదు. కదలకుండా ఉండదు. ఆగాలి.

ఫిబ్రవరి 8

ఆగితే పెరుగుతుంది కదా...

ఫిబ్రవరి 24, ఆదివారం

గిద్దలూరు పోయివచ్చాను. పలక బిగించని ఉత్త చట్రం ఒకటి సంచిలో వేసుకుపోయాను. నలభై ఏళ్ళు నేను కొట్టినవి అవే. దాన్ని కంటికి దగ్గరగా పెట్టి అందులోంచి పాపను చూశాను. ఎంత దూరం నిలబడితే తల మొత్తం పడుతుంది, ఎటు నుంచి వెలుగు... పాప చెయ్యి చాపి చట్రం పట్టుకుంది. వదల్లేదు! ఏం పట్టు!

వియ్యపురాలు పడీపడీ నవ్వింది. "ఏంది అన్నా, నెలల పిల్లకు అప్పుడే పలక ఇస్తుండావు? అక్షరాలు గూడా దిద్దించి పో."

వచ్చేటప్పుడు చట్రం అక్కడే వదిలేశాను. రైల్లో చేతులకు పని లేక ఊరికే ఉన్నాయి.

మార్చి 12, మంగళవారం

కొత్తది రాలేదు. "రాజధాని మన కర్నూలు నుంచి హైదరాబాదు పోయినాక అన్నీ ఆలస్యమే పెదనాయనా" అంటాడు. రాజధాని పోవడానికీ మద్రాసు కెమెరా రాకపోవడానికీ ఏంది సంబంధం అన్నాను. "అది నాకూ తెలీదు. అందరూ అంటాండారు."

డబ్బాది ఇంకా బీరువాలోనే ఉంది. ఒకసారి చేతికి ఇమ్మన్నాను. గాజులో చూసి మళ్ళీ ఇచ్చేశాను.

మార్చి 13

మళ్ళీ పోయాను. "వద్దంటినా? రోజూ రా. టీ తాగిపో."

ఏప్రిల్ 1, సోమవారం

ఉగాది. ఒక్కడికి పచ్చడి ఎంత చేయాలో ఇప్పటికీ తెలియదు. గిన్నెడు అయింది. సగం ఖాసింకు తీసుకుపోయాను. తిని మొహం చిట్లించాడు. "నీ యేడాది సంగతి ఏమో గాని వేపపువ్వు మటుకు దండిగా ఏసినావు."

ఇవాళ్టి నుంచి కొత్త పైసలు. పాత అణాలు కొన్నాళ్ళు చెల్లుతాయట. బజారంతా ఇదే మాట. పాతది వదలాలా, కొత్తది వచ్చేదాకా ఆగాలా — నా ఒక్కడి తంటా కాదన్నమాట.

ఏప్రిల్ 14, ఆదివారం

గిద్దలూరు. పాప బోర్లా పడుతోంది. నన్ను చూసి గుర్తుపట్టింది. పట్టిందనే నా లెక్క.

కెమెరా సంగతి బయటపెట్టాను. వియ్యపురాలు చాట కింద పెట్టేసింది.

"ఏంది అన్నా! పుట్టువెంట్రుకలు దేవుడికి ఇయ్యకముందే మొకం డబ్బాలో పట్టేదా? మొక్కుకున్న జుట్టు. అది స్వామి సొత్తు. ఇచ్చినాక నీ ఇష్టం, రోజూ తీసుకో."

"ఇచ్చినాక జుట్టు ఎక్కడిది చెల్లెమ్మా?"

"మళ్ళీ రాదా ఏంది!"

రమణమ్మ పాప తల నిమురుతూ ఉంది, మెడ దగ్గర, అక్కడే. దానికీ గుర్తుంది. వాళ్ళమ్మకు కొప్పు వేసింది అదే కదా.

వెంట్రుకలు తీసేది పదకొండో నెలలో, మన మార్కాపురం చెన్నకేశవుడి దగ్గర. చాలా సమయం ఉంది. ఆమెను మెల్లగా ఒప్పించవచ్చు. ఈలోపు కొత్తదీ వస్తుంది. ఆగడమే మంచిదైంది!

ఏప్రిల్ 26, శుక్రవారం

అల్లుడి కార్డు. హుబ్లీ వైపు బదిలీ. వారంలో చేరాలి. అంత దూరం పోయాక మళ్ళీ ఎప్పుడొస్తారో, అందుకని పాప మొక్కు ముందే తీర్చేస్తారట. ఐదో నెల, మంచిదేనట. గురువారం. బుధవారం సాయంత్రానికి అందరూ మన ఇంటికే వస్తారు.

మన ఇంటికి! ఎన్నేళ్ళయింది... సున్నం వేయించాలి. చాప చిరిగింది. ఉయ్యాల కొక్కెం ఉందో లేదో చూడాలి.

హుబ్లీ. రైలు మారాలట.

గురువారం అంటే ఆరు రోజులు.

ఏప్రిల్ 27, శనివారం

ఖాసిం దగ్గర కూర్చున్నాను. వాడికీ మద్రాసు నుంచి కార్డు వచ్చింది, సరుకు బయలుదేరిందని. "బుధవారం బండికి దిగుతాదేమో. దిగకపోవచ్చు. నేను ఒట్టేసి చెప్పలేను పెదనాయనా."

"నువ్వయితే?"

చాలాసేపు బీరువా తుడిచాడు. "నేనయితే నాకు తెలీదు."

ఏప్రిల్ 29

కొనలేదు.

ఏప్రిల్ 30, మంగళవారం

కొన్నాను. డబ్బాదే. రానిది ఎంత మంచిదైతే నాకేం?

ఖాసిం రీలు ఎక్కించి చూపించాడు. వెనక ఎర్ర కిటికీ, దాంట్లో అంకె కనబడుతుంది. ఒకటి నుంచి ఎనిమిది దాకా. ఒకటి తీసి, తిప్పి, రెండు రాగానే ఆపాలి. "ఇది బాగా విను. రెండు బారల దూరం ఉండాలి. అంతకంటే దగ్గరికి పోతే మసకే. ముగ్గుతో గీత గీసుకో. గీత దాటినావా, పోయినట్టే."

మే 1, బుధవారం

వచ్చారు! ఇల్లంతా గొంతులే! వియ్యపురాలు పొయ్యి చూసి తిట్టింది, గిన్నెలు చూసి తిట్టింది. ఈ ఇంట్లో ఎవరైనా తిట్టి ఎన్నేళ్ళయింది. హాయిగా ఉంది.

అన్నాలు తిన్నాక కూర్చుని అడిగాను. "చెల్లెమ్మా, మొకం వద్దు. మొకం నేను అడగను. వెనక నుంచి తీస్తా. జుట్టే పడతాది."

"ఎనకనుంచా? ఎనకనుంచి ఫోటో తీసే పిచ్చి మారాజును నిన్నే చూసినా!"

"దేవుడి సొత్తుకు నకలు పెట్టుకుంటాండా, అంతే."

రమణమ్మ అప్పుడు నోరు తెరిచింది. "అత్తా, మా అమ్మకు అట్లనే ఉండేది."

ఆమె పాపను ఒళ్ళోకి తీసుకుని మెడ దగ్గర చూసింది. తరువాత, "ఖాసిం గీసిం ఎవురూ రాగూడదు. పరాయి కన్ను పడగూడదు. నువ్వే. ఒక్కటే" అంది.

మే 2, గురువారం

రాయాలి.

పొద్దున్నే ఎండ వాకిట్లోకి వచ్చింది. ముగ్గుతో గీత గీశాను. రమణమ్మ గోడ దగ్గర నిలబడింది, పాప దాని భుజం మీద నిద్రపోతోంది. పాలు తాగి, కదలకుండా! మెడ మీద ఉంగరం ఎండలో మెరుస్తోంది. ఇంతకంటే ఏం కావాలి? కొత్తది ఉన్నా ఇంతేగా!

గీత మీద నిలబడ్డాను. తల వంచి గాజులోకి చూశాను. రమణమ్మ బియ్యపుగింజంత. పాప తల నల్ల చుక్క. ఉంగరం కనబడలేదు. వెతికాను... కనబడలేదు... నొక్కాను.

తల ఎత్తి చూస్తే గీత నా మడమల వెనక ఉంది.

నొక్కకముందు దాటానా? నొక్కాక దాటానా? రమణమ్మను అడిగాను, "నేను పాపను జూస్తుండా నాయనా" అంది. ఇంకొకటి తీద్దామంటే పాప లేచి మొహం ఇటు తిప్పింది. వియ్యపురాలు కొంగు కప్పేసింది. "ఒక్కటే అంటిని. పదండి, మంగలాయన కాసుకోని ఉంటాడు."

గుడి దగ్గర పాప అసలు ఏడవలేదు. నేనే... గుండుకు గంధం పూశారు. చల్లగా ఉందేమో, నవ్వింది. వెంట్రుకలు ఆకులో కట్టి తీసుకుపోయారు.

మే 4, శనివారం

రైలు ఎక్కించి వచ్చాను. ప్లాట్‌ఫారం నీడలో వియ్యపురాలు పాపను పైకెత్తి పట్టుకుంది. "ఇంక మొకం తీసుకో అన్నా, నీ ఇష్టం!" తీశాను. రెండోది. నీడ, పాప కాళ్ళు తన్నుతోంది, అది దయ్యమే అయి ఉంటుంది. ఆమె మనసు నొప్పించడం ఎందుకని, బాగా పడింది అన్నాను.

"హుబ్లీకి రా నాయనా." వస్తానన్నాను.

ఉయ్యాల ఇంకా కొక్కెం నుంచి వేలాడుతోంది. విప్పలేదు.

మే 9, గురువారం

కొత్తది వచ్చింది.

ఖాసిం పిలవనంపాడు. మడతలు విప్పితే తోలు సంచి లాగ ముందుకొచ్చింది. ఎంత అందంగా ఉందో! దూరం ఎంతో దానికి చెబితే చాలట, గీతలు అక్కర్లేదు. దగ్గరికి పోవచ్చట.

"మార్చుకుంటావా పెదనాయనా? డబ్బాది నేను ఎనక్కి తీసుకుంటా."

వద్దన్నాను. దీంట్లో పాప ఉంది.

మే 20, సోమవారం

"రీలు ఎప్పుడు ఇస్తావు? ఈ ఎండలకు ఎక్కువ రోజులు పెడితే చెడిపోతాది" — ఖాసిం. ఎనిమిదీ తీయకపోయినా కడగవచ్చట, మిగతాది వృథా, అంతే. మిగతాది పాప వచ్చినప్పటికి అనుకున్నాను. దసరాకు వస్తారేమో.

అదొక్కటే కాదు. కడిగితే తెలిసిపోతుంది. ఇప్పుడైతే డబ్బాలో ఉంగరం ఉంది.

మే 27

ఖాసిం తిట్టాడు. కొన్ని తీసేశాను. పక్కింటి మేక. కార్ఖానా ముందు పలకల కుప్ప — కదలని వస్తువు, బాగా పడి ఉంటుంది. ఖాసిం, వాడి కొట్టు ముందు, టోపీ సరిచేసుకుంటూ. నా వాకిలి. ఉయ్యాల, కిటికీ తీసి వెలుగు పడేటట్టు చేసి. మొత్తం ఏడు అయ్యాయి.

జూన్ 11, మంగళవారం

రమణమ్మ కార్డు. పాప పాకుతోంది! చెంబు దొర్లించి తల తడుపుకుందట! అత్తగారికి కన్నడం రాక బజారులో చేతులతో బేరం ఆడుతోందట! చదివి ఒక్కణ్ణే పెద్దగా నవ్వాను. పక్కింటామె తొంగిచూసింది. "ఏమైంది అన్నా?" ఆమెకు చదివి వినిపించాను. రెండుసార్లు.

చివర — "నాయనా, పాపకు జుట్టు వస్తాంది. ఉంగరాలు లేవు, సాఫుగా వస్తాంది, వాళ్ళ నాయన మాదిరి. నువ్వు తీసింది కడిగించినావా? నాకొకటి పంపు."

అది చదివి వినిపించలేదు.

జూన్ 13, గురువారం

స్టూడియోకు పోయాను. డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఖాసిం చెయ్యి చాపాడు, నేను ఇవ్వలేదు. టీ పోశాడు. "నువ్వు గీత దాటలేదులే పెదనాయనా" అన్నాడు.

"నీకెట్ల తెలుసు?"

"తెలీదు. అంటాండా, అంతే."

తెచ్చేసుకున్నాను. వాన మబ్బు పట్టింది, ఎండ లేదు. ఎర్ర కిటికీలో ఎనిమిది. తీయలేదు. రీలు చివరిదాకా ఇంకా తిప్పలేదు.